గృహనిర్మిత విమానములు: నిర్మాణము, పరీక్ష, ప్రయాణము

విమానము అన్న మాట వినగానే విశాలమైన కర్మాగారము, వేలకొలది కార్మికులు, కోట్ల రూపాయల మూలధనము మనస్సునకు వచ్చును. అయినను నేడు ప్రపంచమున ఎగురుచున్న చిన్న విమానములలో అనేకవేలు కర్మాగారములలో తయారైనవి కావు. అవి కారు షెడ్లలోను, పెరటి పాకలలోను, అరుదుగా మేడలపైనను, యజమానులు తమ ఉద్యోగపు పనులు ముగిసిన పిదప సాయంకాలములందును సెలవుదినములందును స్వహస్తములతో కూర్చినవి. వానికి గృహనిర్మిత విమానములని పేరు.

ఇవి రెండు విధములు. పటములను మాత్రము కొని, కఱ్ఱ, గుడ్డ, లోహపు రేకు మొదలగువానిని వేఱువేఱుగ సంపాదించి మొదటినుండి చేసికొనునవి ఒక తెగ. ఒక సంస్థ కోసి, వంచి, రంధ్రములు వేసి పెట్టెలలో పంపిన భాగములను తెచ్చి కూర్చుకొనునవి రెండవ తెగ. ఈ రెండవ తెగవానినే కిట్టు విమానములందురు.

ఈ సంగతి వినినవారికి వెంటనే రెండు ప్రశ్నలు కలుగును. సామాన్యుడు విమానమును చేయగలడా? చేసినచో దానిలో ఎక్కుట క్షేమమా? మొదటి ప్రశ్నకు సమాధానము నూఱేండ్లకు పూర్వమే లభించినది. రెండవదానికి సమాధానము కొందఱు ప్రాణములు కోల్పోయిన పిదపనే లభించినది. విమానమును ఒక్కడు నిర్మింపవచ్చును. కాని దాని బాగోగులను ఆ ఒక్కడే నిర్ణయింపరాదు. గురివిందగింజ తన నలుపెఱుగదను సామెత మనుష్యుల నడవడికి ఎంత వర్తించునో, చేతిపనికిని అంత వర్తించును. ఈ రంగమున ఏర్పడిన నియమములన్నియు ఈ ఒక్క సత్యమునుండి పుట్టినవే.

తొలి ప్రయత్నములు

ఆరంభమున విమానములన్నియు గృహనిర్మితములే. డేటన్ నగరమున సైకిళ్ల దుకాణము నడుపుచుండిన రైటు సోదరులు, 1903 డిసెంబరు 17వ తేదీన ఎగిరిన యంత్రమును తమ దుకాణమునందే నిర్మించిరి. పారిసు నగరమున నివసించిన బ్రెజిలు దేశీయుడు సాంతోస్ ద్యుమాం, వెదురును గుడ్డను ఉపయోగించి ‘దెమ్వాజెల్’ అను అతి చిన్న విమానమును చేసెను. దానిపై ఏ హక్కును ఉంచుకొనక, కోరినవారెల్లరు చేసికొనవచ్చునని పటములను లోకమునకు విడిచెను. 1910లో అమెరికాలోని ‘పాప్యులర్ మెకానిక్స్’ పత్రిక ఆ పటములను ప్రకటించినది.

ఆ సంవత్సరముననే మన దక్షిణదేశమునను ఇట్టి యత్నమొకటి జరిగినది. తెలుగువారు తరతరములుగ నివసించుచున్న మదరాసు నగరమున, మౌంటు రోడ్డున హోటలు నడుపుచుండిన జాకొమో డాంజెలిస్ అను కార్సికా దేశీయుడు స్వయముగ ఒక విమానమును రూపకల్పన చేసి, బండ్ల తయారీలో పేరెన్నికగన్న సింప్సన్ కంపెనీవారిచే దానిని చేయించెను. 1910 మార్చి నెలలో దానిని పల్లావరమున ఎగురజేసెను. హోటలు యజమాని ఊహయు, బండ్లు చేయు పనివారి నైపుణ్యమును కలిసి ఆ యంత్రమునకు రెక్కలు తొడిగినవి. సామాన్యుడు విమానమును చేయగలడా అను ప్రశ్నకు సమాధానము వెదకువారు దూరదేశములకే పోనక్కరలేదు.

మిన్యే గారి చిన్న విమానము

గృహనిర్మాణమును ప్రజోద్యమముగ మార్చినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ మిన్యే. సాధారణ విమానమున చోదకుడు చేతికఱ్ఱతోను కాలి పెడళ్లతోను మూడు కదలికలను ఏకకాలమున అదుపు చేయవలెను. అవి ముక్కును పైకి క్రిందికి త్రిప్పుట, రెక్కలను ప్రక్కలకు వంచుట, ముక్కును కుడియెడమలకు మరల్చుట. ఇది మిన్యేకు కష్టముగ తోచినది. మూడింటిని రెండుగ తగ్గించి, ఒక్క చేతికఱ్ఱతో నడుపదగిన విమానమును చేయుట ఆయన సంకల్పము.

1933 సెప్టెంబరున ఎగిరిన ఆయన ‘హెచ్. ఎం. 14’ విమానమునకు ఒకదాని వెనుక నొకటిగ రెండు రెక్కలుండెను. ముందు రెక్క పొడవు సుమారు 6 మీటర్లు. అది కీలుపై తిరుగును. దానిని లేపినను దించినను విమానము పైకిని క్రిందికిని పోవును. వెనుక రెక్క కదలదు. చేతికఱ్ఱను ప్రక్కకు త్రోసిన తోక చుక్కాని తిరుగును. పెడళ్లు లేవు. శరీరము పలుచని ప్లైవుడ్డు పెట్టె. ఇంజను 17 అశ్వశక్తులది. ఫ్రెంచి భాషలో దీనికి ‘పూ ద్యు సియెల్’ అని పేరు. ఆ మాటకు ఆకాశపు పేను అని అర్థము. ఇంగ్లీషువారు దీనిని ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అనిరి.

1934లో మిన్యే తన విమానమును చేయు పద్ధతిని ఒక గ్రంథముగ ప్రకటించెను. వడ్రంగపు పని కొంత తెలిసి, శ్రద్ధ గలవాడు దానిని చేసికొనగలడని ఆయన విశ్వాసము. మరుసటి సంవత్సరమున ఇంగ్లీషు అనువాదము వెలువడి అచిరకాలమున అమ్ముడుపోయినది. 1935 ఆగస్టున మిన్యే తన విమానముపై ఇంగ్లీషు చానలును దాటుటతో ఉత్సాహము మిన్నుముట్టినది. ఫ్రాన్సునను ఇంగ్లండునను వందలకొలది ఇండ్లలో రంపములు, చిత్రికలు కదలినవి. ధనికుల వినోదముగ నుండిన ఆకాశయానము చేతిపని తెలిసిన ప్రతివానికి అందుబాటులోనికి వచ్చినట్లు తోచినది.

అంతలో ప్రమాదములు మొదలైనవి. ఎగురుచున్న విమానము ముక్కు క్రిందికి వాలి, చోదకుడు చేతికఱ్ఱను ఎంత లాగినను లేవక నిట్టనిలువుగ నేలను తాకుచుండెను. పలువురు మరణించిరి. 1936లో ఫ్రాన్సు దేశమున షాలే మ్యుదోఁలోను, ఇంగ్లండున ఫార్న్‌బరోలోను పూర్తి పరిమాణపు విమానమునే గాలిసొరంగములలో నిలిపి పరీక్షించిరి. దోషము బయటపడినది. విమానము కొంత కోణమునకు మించి క్రిందికి వాలినప్పుడు చోదకుడు చేతికఱ్ఱను లాగును. ముందు రెక్క వెనుక అంచు దిగి వెనుక రెక్కకు సమీపించును. ఆ రెండింటి నడుమనున్న సందులో గాలి వేగము హెచ్చి, వెనుక రెక్కకు లేపుడుశక్తి అధికమగును. తోక లేచిన కొలది ముక్కు మఱింత వాలును. రక్షించుకొనుటకు చోదకుడు చేసిన పనియే మృత్యువునకు దారి తీసినదన్నమాట.

బ్రిటనులో ఈ విమానములకు ఎగురు అనుమతులు నిలిచిపోయినవి. రెక్కల నడుమ దూరము మొదలగువానిని సవరించిన పిదప ఈ జాతి విమానములు క్షేమముగనే ఎగిరినవి; ఫ్రాన్సున నేటికిని వాని సంతతి కలదు. కావున మిన్యే ఆశయము తప్పు కాదు. ఆయన విమానము ఆయన చేతిలో ఎగిరినది. ఒకని చేతిలో బాగుగ ఎగురుట ఒకటి, ఎల్లరి చేతులలోను అన్ని స్థితులయందును క్షేమముగ నుండుట వేఱొకటి. ఈ రెండింటి నడుమ దూరమును కొలుచుటకు పరీక్ష అవసరమని లోకము గ్రహించినది.

సంఘములు, నియమములు

రెండవ ప్రపంచయుద్ధానంతరము గృహనిర్మాతలు ఒంటరిగ పనిచేయక సంఘములుగ ఏర్పడిరి. బ్రిటనులో 1946లో స్థాపింపబడిన సంఘము నేడు లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను పేర నడచుచున్నది. దాని తనిఖీదారులు నిర్మాణపు దశలను వచ్చి చూచెదరు. అమెరికాలో 1953 జనవరిలో మిల్వాకీ నగరమున పాల్ పోబెరెజ్నీ మొదలగువారు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను నెలకొల్పిరి. 1970 మొదలు దాని వార్షిక సమ్మేళనమునకు ఓష్కోష్ స్థానమైనది. ఊరూర దాని శాఖలు కలవు. అనుభవజ్ఞులగు సభ్యులు ప్రతిఫలము కోరక కొత్త నిర్మాతల ఇండ్లకు పోయి పనిని పరిశీలించెదరు. రెక్క చర్మమును పూర్తిగ మూసిన పిదప లోని లోపము కనబడదు; అందుచే మూయుటకు ముందే పొరుగువాని కన్ను పడవలెనని వారి బోధ.

అమెరికా ప్రభుత్వపు నియమము మఱియొకటి తెలిసికొనదగినది. గృహనిర్మిత విమానమని అంగీకరించుటకు, దాని నిర్మాణపు పనులలో సగమునకు మించిన భాగమును విద్యార్థముగనో వినోదార్థముగనో స్వయముగ చేసికొని యుండవలెను. దీనినే జనులు నూటికి 51 వంతుల నియమమందురు. ఇది గంటలను బట్టి కాక పనుల పట్టికను బట్టి లెక్కింపబడును. ఇంజను, ప్రొపెల్లరు, చక్రములు, కొలమానములు కొనవచ్చును. అట్టి విమానమున బాడుగకు మనుష్యులను ఎక్కించుకొనరాదు. లోపల ‘ఎక్స్‌పెరిమెంటల్’ అను పలక కనబడునట్లు ఉండవలెను. నిర్మాత దినచర్య వ్రాసి, ఛాయాచిత్రములు తీసి, తన పనికి సాక్ష్యము చూపవలెను. పని తానే చేసినట్లు రుజువైనచో, ఏటేట జరుగవలసిన తనిఖీని తానే చేసికొను అర్హతాపత్రమును కూడ పొందవచ్చును. తన చేతితో కూర్చినవానికి దాని ప్రతి కీలును తెలియునను న్యాయముచే ఈ హక్కు ఏర్పడినది.

కిట్టు విమానమును కూర్చు విధానము

నేటి కిట్టులలో మిక్కిలి ప్రచారము గలవి అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ స్థాపించిన వాన్స్ సంస్థ యొక్క ‘ఆర్. వి.’ జాతివి. ఇట్టివి ఇంతవరకు 11,000కు పైగ ఎగిరినవి. వీనిలో ‘ఆర్. వి. 7’ ప్రక్కప్రక్కన ఇద్దఱు కూర్చుండునది. రెక్కల పొడవు 25 అడుగులు. బరువు, మనుష్యులు ఇంధనముతో కూడ, 1800 పౌనులకు మించరాదు. దీనిని కూర్చుటకు సామాన్యముగ 1500 మొదలు 2000 గంటల పని పట్టును. అనగా వారమునకు 15 గంటల చొప్పున పనిచేయు గృహస్థునకు రెండు మూడేండ్ల తపస్సు.

పని తోకతో ఆరంభమగును. తోక చిన్నది, చేయి తిరుగునంతలో ఒక రేకు చెడినను నష్టము స్వల్పము. పిదప రెక్కలు, అటుపిమ్మట శరీరము. మన ఇండ్ల కప్పునకు దూలమెట్లో, రెక్కకు స్పారు అట్టిది. దానికి అడ్డముగ ప్రక్కటెముకలవలె రిబ్బులను నిలిపి, పైన పలుచని అల్యూమినియపు రేకును చర్మమువలె తొడుగుదురు. ఈ రేకు రాగి కలిసిన మిశ్రలోహము. దాని రెండు ముఖములపైన తుప్పు నివారించుటకు శుద్ధమైన అల్యూమినియపు పొర యుండును.

రేకులను కలుపునది రివెట్టు. మొదట భాగములను క్లీకో అను తాత్కాలికపు పట్టులతో బిగించి, బరమాతో రంధ్రములను సరియైన పరిమాణమునకు తెచ్చెదరు. మరల విడదీసి ప్రతి రంధ్రపు అంచును, ప్రతి రేకు అంచును నునుపు చేసెదరు. కొత్తవానికి ఈ పని వ్యర్థముగ తోచును. కాని విమానపు రేకు ఎగురునంతసేపు కంపించుచుండును. గరుకు అంచునుండియే, చిన్న గీతనుండియే, పగులు బయలుదేరును. కంసాలి నగ అంచును తీర్చునది అందము కొఱకు. ఇచట తీర్చునది ప్రాణము కొఱకు.

రివెట్టును కొట్టుటకు రెండు జతల చేతులు కావలెను. ఒకరు వెలుపలినుండి గాలి సుత్తితో కొట్టుచుండగ, వేఱొకరు లోపల ఉక్కు దిమ్మను ఆనించి పట్టవలెను. అనేక కుటుంబములలో ఆ దిమ్మను పట్టునది భార్యయో, కుమారుడో, కుమార్తెయో. రివెట్టు అణగిన పిదప ఏర్పడిన తలకు వ్యాసము మొదటి వ్యాసమునకు ఒకటిన్నర రెట్లును, ఎత్తు అందులో సగమును ఉండవలెను. రంధ్రపు కేంద్రము రేకు అంచునకు రివెట్టు వ్యాసమునకు రెండింతలకన్న దగ్గఱగ నుండరాదు. ఇవి తప్పినచో ఆ రివెట్టును తొలచి తీసి మరల వేయవలెను. నట్లను బలమును కొలుచు పానాతో నిర్ణయించినంతయే బిగించి, బిగించిన గుర్తుగ రంగు గీత పెట్టెదరు. ఆ గీత విఱిగినచో నట్టు కదలినదని తెలియును.

తూకము, ఇంధనము, తనిఖీ

కూర్పు ముగిసినంతనే విమానము సిద్ధమైనదని తలచరాదు. మొదట తూకము. మూడు చక్రముల క్రింద మూడు త్రాసులను ఉంచి బరువును, భారకేంద్రమును లెక్కింతురు. కావడి మోయువాడు బరువులను బట్టి బద్దను భుజముపై ముందునకో వెనుకకో జరుపుకొనును. విమానమునకు ఆ సదుపాయము లేదు. రెక్కల లేపుడు ఒక చోటనే పనిచేయును. బరువే దానికి అనుగుణముగ నుండవలెను. తోక బరువైనచో, వేగము తగ్గి రెక్కలు గాలిపట్టు కోల్పోయినప్పుడు ముక్కును దించి మరల వేగము తెచ్చుకొనుట దుర్లభము. అందుచే తోకకు పూయు రంగు బరువును సైతము లెక్కింతురు.

రెండవది ఇంధన ప్రవాహము. విమానపు ముక్కును పైకెత్తి, ఆకాశమునకు ఎక్కుచున్న భంగిమలో నిలిపి, ఇంధనము నిమిషమునకు ఎంత వచ్చునో పాత్రలో పట్టి కొలిచెదరు. తనంత తాను క్రిందికి పారు ఏర్పాటైనచో ఇంజను గరిష్ఠముగ త్రాగుదానికి ఒకటిన్నర రెట్లును, పంపు గల ఏర్పాటైనచో ఒకటింబాతికను రావలెను. మూడవది నియంత్రణముల దిక్కు. చేతికఱ్ఱను ఎడమకు త్రోసినప్పుడు ఎడమ రెక్క వెనుక పలక పైకి లేవవలెను. త్రాడులను తారుమారుగ కట్టి, ఆ తప్పును కనుగొనక ఎగిరి నశించినవారు కలరు. నిర్మాత పదిమార్లు చూచినను, తాను కట్టినది సరియేయని మనస్సు ముందే నిశ్చయించుకొనును. మొదటిసారి చూచువానికి అట్టి నిశ్చయము లేదు. అతనికే తప్పు కనబడును. అందుచేతనే ప్రభుత్వపు తనిఖీదారుని సంతకము లేనిదే విమానము నేలను విడువరాదు.

తొలి ప్రయాణము

తొలి ప్రయాణమున రెండవ మనుష్యుడు ఎక్కకుండుటయే సామాన్య నియమము. చోదకుడు విమానాశ్రయముపైననే చుట్టుచు ఎత్తునకు పోయి, ఇంజను ఆగినను జారుచు దిగగల దూరమునందే యుండును. వేడి, చమురు ఒత్తిడి చూచుకొని, ఎత్తుననే వేగము తగ్గించి దిగు వేగమును నిర్ణయించుకొని, స్వల్పకాలములో దిగును. ఇంజనుపై బొడిపెను తెఱచి చమురు కారెనా, బోల్టు వదులయ్యెనా యని చూచును. పిదప జనసంచారము తక్కువగు ప్రదేశముపైన, ఇంజను ప్రొపెల్లరుల జత ముందే ఆమోదింపబడినదైన 25 గంటలు, కానిచో 40 గంటలు పరీక్షార్థము ఎగురుట అమెరికాలో చిరకాలపు పద్ధతి. ఇటీవల గంటలకు బదులు పరీక్షల పట్టికను పూర్తిచేయు పద్ధతియు అంగీకరింపబడినది.

ఇంత జాగ్రత్త ఏల యనువారికి అమెరికా రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించిన పరిశీలనయే సమాధానము. గృహనిర్మితములు ఆ దేశపు సొంత విమానములలో నూటికి సుమారు 10 మాత్రమే యైనను, 2011లో ప్రమాదములలో నూటికి 15, ప్రాణాంతక ప్రమాదములలో నూటికి 21 వానివే. ఇంజను ఆగుట, చోదకుడు పట్టు కోల్పోవుట ముఖ్యకారణములు. మఱియొక విశేషము గమనింపదగినది. ఆ ప్రమాదములలో సగమునకు పైగ, నిర్మాత చేతిలో కాక, అతని వద్ద కొనినవారి చేతిలో నున్న విమానములకు జరిగినవి. కొనినవాడు యంత్రమును పొందెను గాని, అది కూర్చుటలో కలిగిన జ్ఞానమును పొందలేదు. ఈ పరిశీలనానంతరము 2014లో, తొలి పరీక్షలందు అర్హుడగు రెండవ చోదకుని తోడు తీసికొనుటకు అక్కడి ప్రభుత్వము దారి చూపినది. ఒంటరి పని నుండి తోడు వైపునకు మఱియొక అడుగు పడినది.

మన దేశమున

మన దేశమున ఇట్టి నిర్మాణము ఇంకను అరుదు. విమానచోదకుడగు అమోల్ యాదవ్ ముంబయిలోని కాందివలి ప్రాంతమున తన నివాసభవనపు మేడపైననే ఆరుగురు కూర్చుండు విమానమును నిర్మించెను. 2016లో ముంబయిలో జరిగిన మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనమున అది ప్రజల దృష్టిని ఆకర్షించినది. 2017లో దానికి రిజిస్ట్రేషను లభించెను. పరీక్షార్థము ఎగురు అనుమతి 2019లో లభించెను. యంత్రము రూపొందిన పిదపను అనుమతులకు ఏండ్లు పట్టినవి. ఈ జాప్యమునకు చింతించువారు కలరు. పరీక్ష వలదనుట దీనికి మందు కాదు. ఇండ్లకు వచ్చి దశదశకు చూచి చెప్పగల అనుభవజ్ఞుల సంఘములు లేకుండుటయే అసలు కొఱత. అట్టి సంఘములున్న దేశములందు ప్రభుత్వము వారి మాటను నమ్మి చిన్న నిర్మాతకు దారి విడుచుచున్నది.

పల్లావరమునుండి కాందివలి వరకు నూఱేండ్లకు పైగ గడచినవి. చేతిపని నేర్పు, సాహసము మనవారికి ఏనాడును కొదువ కావు. పరాయి ప్రాంతములలో తరతరములుగ నిలిచిన తెలుగువారికి సంఘబలమన నేమో వేఱుగ చెప్పనక్కరలేదు. ఒక్కొక్క కుటుంబమునకు సాధ్యము కానిది పదికుటుంబములు కూడినచో సాధ్యమగునని ఎఱిగియే వారు బడులను, గ్రంథాలయములను, సంఘములను నెలకొల్పిరి. గృహనిర్మిత విమానపు చరిత్రయు ఆ పాఠమునే చెప్పుచున్నది. రెక్కలు ఒకని చేతితో తయారగును. అవి నమ్మదగినవను మాట మాత్రము నలుగురు చూచిన పిదపనే పుట్టును.